బాణాన్ని ఆపే విద్య

విల్లు గురించి రాసినవాళ్ళు ఉన్నారు. గురి గురించి రాసినవాళ్ళూ ఉన్నారు. వదిలిన బాణం వెళ్ళి ఆగే చోటు గురించి ఇంత శ్రద్ధగా రాసిన తెలుగు పుస్తకం ఇదివరకు నా కంట పడలేదు. పెరట్లో సాధన చేసేవాళ్ళు ఫోమ్ టార్గెట్‌ను ఎలా ఎంచుకోవాలి, ఎక్కడ నిలబెట్టాలి, ఎలా కాపాడుకోవాలి అన్న విషయానికే కట్టుబడి, ఒక్క పేజీ కూడా పక్కదారి పట్టకుండా రాసిన పుస్తకం ఇది. దీనికి ముందుమాట రాయమని రచయిత్రి అడిగినప్పుడు సంతోషంగా ఒప్పుకున్నాను. ఆమె నా శిష్యురాలు కావడం ఒక కారణం. ఈ పుస్తకం ఎంత అవసరమో నాకు బాగా తెలియడం రెండో కారణం. రెండిట్లో అదే పెద్దది.

ఈ అమ్మాయి చిన్నప్పుడు విజయవాడలో నేను నేర్పే మైదానానికి వచ్చేది. తమ వంతు బాణాలు వేశాక తక్కిన పిల్లలు నీడకు పోతే, తను టార్గెట్ వెనక్కి పోయి చూసేది. ఏ బాణం ఎంత లోతు దిగింది, ఏ పొర వదులైంది, ఎక్కడ వెలుతురు కనబడుతోంది అని వేళ్ళతో తడిమి చూసేది. "మాస్టారూ, మధ్యలో పట్టు పోయింది. రేపు కింది పొరలు మధ్యకు మారుద్దామా?" అని అడిగేది. తరవాత ప్లాస్టిక్ ఇంజనీరింగు చదివింది. ఫోమ్ తయారుచేసే కర్మాగారంలో ఉద్యోగం చేసింది. సొంత ఇల్లు కట్టుకున్నాక పెరట్లో మళ్ళీ విల్లు పట్టింది. చదువు, ఉద్యోగం, ఆట మూడూ ఒకే వస్తువు దగ్గర కలిసిన మనిషి రాసింది కనుకనే ఈ పుస్తకంలో ఊహకు చోటు లేదు. ప్రతి సలహా వెనకా ఒక కారణం ఉంది, ఆ కారణం వెనక ఒక లెక్క ఉంది.

ఈ పుస్తకం రావలసిన సమయంలోనే వచ్చింది. మన దేశంలో విలువిద్య మాట వస్తే విజయవాడ పేరు రాకుండా ఉండదు. చెరుకూరి సత్యనారాయణ గారి ఆధ్వర్యంలోని వోల్గా ఆర్చరీ అకాడమీ, 2010లో రోడ్డు ప్రమాదంలో మనకు దూరమైన కోచ్ చెరుకూరి లెనిన్ చేసిన కృషి ఈ ఊళ్ళో ఒక తరం చేత విల్లు పట్టించాయి. ఈ ఊరి బిడ్డ వెన్నం జ్యోతి సురేఖ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో, 2023 అక్టోబరులో, కాంపౌండ్ (కప్పీలున్న విల్లు) విభాగంలో మూడు స్వర్ణాలు గెలిచింది. వ్యక్తిగత పోటీలో ఒకటి, మహిళల జట్టులో ఒకటి, మిక్స్‌డ్ జట్టులో ఒకటి. బొమ్మదేవర ధీరజ్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అంకితా భకత్‌తో కలిసి రికర్వ్ (కొనలు ముందుకు వంగిన విల్లు) మిక్స్‌డ్ జట్టు పోటీలో నాలుగో స్థానంలో నిలిచాడు. ఇప్పటిదాకా ఒలింపిక్స్‌లో చోటు లేని కాంపౌండ్ విల్లు, 2028 లాస్ ఏంజెలెస్‌లో మిక్స్‌డ్ జట్టు పోటీతో అక్కడ అడుగుపెట్టబోతోంది. ఇవన్నీ చూసి పిల్లలు విల్లు కావాలంటున్నారు. తల్లిదండ్రులు కొనిస్తున్నారు. రోజూ అకాడమీకి వెళ్ళే వీలు లేనివాళ్ళు ఇంటి పెరట్లో, మామిడితోటలో, ఊరి చివర ఖాళీ స్థలంలో సాధన మొదలుపెడుతున్నారు.

కొనేటప్పుడు మాత్రం వరుస తప్పుతున్నారు. డబ్బంతా ముందు విల్లుకు పోతుంది. తరవాత బాణాలు, సైటు, స్టెబిలైజరు వస్తాయి. అన్నీ అయ్యాక మిగిలిన చిల్లరతో టార్గెట్ కొంటారు. లేకపోతే ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టెలో పాత థర్మాకోల్ కుక్కి గోడకు ఆనిస్తారు. ఈ పుస్తకం ఆ వరుసను సరిచేస్తుంది. ముందు స్థలం, తరవాత టార్గెట్, ఆ తరవాతే విల్లు అంటుంది రచయిత్రి. నా శిష్యులకు నేను ఎప్పుడూ చెప్పే మాట కూడా ఇదే కనుక, ఆమె పక్షాన నిలబడి నాలుగు మాటలు చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

నాసి టార్గెట్ వల్ల నష్టం మూడు రకాలు. మొదటిది కంటికి కనబడేది. బాణం అవతలికి దూసుకుపోతే ఈకలు ఊడతాయి. వెనక గోడ ఉంటే ములికి లోపలికి కుంగి కార్బన్ కాడ చీలుతుంది. చీలిక పైకి కనబడని కాడను మళ్ళీ విల్లుకు ఎక్కిస్తే అది వదిలేటప్పుడు విరిగి విల్లు పట్టిన చేతిలో దిగవచ్చు. రెండోది విలుకాడి మనసులో జరిగేది. బాణం దాటిపోతుందేమోనన్న బెంగ ఉన్నవాడు వదిలే క్షణంలో బిగుసుకుంటాడు, బాణం ఎటు పోయిందో చూడాలని తల ముందే ఎత్తేస్తాడు. అలవాటైపోయాక దాన్ని మాన్పించడానికి కోచ్‌కు నెలలు పడుతుంది. మూడోది అన్నిటికన్నా పెద్దది. గోడ అవతల ఇంకొకరి ఇల్లు ఉంటుంది.

విలువిద్య మీద పుస్తకం రాసేవాళ్ళు మనలో చాలామంది ద్రోణుడి దగ్గరో, మత్స్యయంత్రం దగ్గరో మొదలుపెడతారు. ఈ రచయిత్రి మొదటి పేజీలోనే తక్కెడ, టేపు, ఒక బాణం తెచ్చి మన ముందు పెట్టింది. ఆ తీరు నాకు ఎంతో నచ్చింది. పురాణం మనకు ఉత్సాహాన్నిస్తుంది. కొలత మన పిల్లలను కాపాడుతుంది. ఇలాంటి పుస్తకంలో ముందు ఉండవలసింది కొలతే.

బాణం శక్తి గురించి ఆమె చెప్పిన లెక్క ఈ పుస్తకానికి ఆయువుపట్టు. బాణం వేగం రెట్టింపైతే దాని శక్తి నాలుగింతలవుతుంది. కొత్తగా నేర్చుకుంటున్న పిల్లవాడి రికర్వ్ విల్లు, లాగడానికి 20 పౌండ్ల బలం పట్టేది, 20 గ్రాముల బాణాన్ని సెకనుకు 40 మీటర్ల వేగంతో పంపిందనుకుందాం. ఆ బాణం శక్తి 16 జౌళ్ళు. 40 పౌండ్ల రికర్వ్ అదే బాణాన్ని 60 మీటర్ల వేగంతో పంపితే 36 జౌళ్ళు. 50 పౌండ్ల కాంపౌండ్ 23 గ్రాముల బాణాన్ని 85 మీటర్ల వేగంతో పంపితే 83 జౌళ్ళు. పిల్లవాడి బాణానికి ఇది అయిదింతల కన్నా ఎక్కువ. అన్న కాంపౌండ్ వేస్తాడు, తమ్ముడు రికర్వ్ నేర్చుకుంటున్నాడు, ఇద్దరికీ ఒకే టార్గెట్ చాలదా అని నన్ను అడిగేవాళ్ళు ఉన్నారు. జవాబు ఈ లెక్కలోనే ఉంది. ఇంట్లో ఉన్న అన్నిటికన్నా బలమైన విల్లును బట్టి టార్గెట్ కొనాలి.

ఫోమ్ బాణాన్ని ఆపే తీరును ఆమె చక్కగా వివరించింది. ములికి పొరల మధ్య దారి చేసుకుని దూరుతుంది. ఒత్తుగా బిగించిన పొరలు మళ్ళీ దగ్గరకు రాబోతూ కాడను పైనుంచీ కిందనుంచీ నొక్కుతాయి. బిగించి కట్టిన పుస్తకాల దొంతరలోకి స్కేలు దూర్చి చూస్తే ఆ పట్టు ఏమిటో చేతికి తెలుస్తుంది. బాణాన్ని ఆపేది ఆ రాపిడే. లోపలికి దిగినకొద్దీ పట్టులో చిక్కే కాడ పొడవు పెరుగుతుంది, రాపిడీ పెరుగుతుంది. అందువల్ల శక్తి అయిదింతలైనా బాణం దిగే లోతు అయిదింతలు కాదు, రెండుంబావు రెట్ల దగ్గర ఆగుతుంది. కొత్త టార్గెట్‌లో పిల్లవాడి బాణం 8 సెంటీమీటర్లు దిగితే, కాంపౌండ్ బాణం సుమారు 18 సెంటీమీటర్లు దిగుతుందన్నమాట. వాడగా వాడగా మధ్యభాగం అరిగి పట్టు సగానికి పడిపోతే ఆ 18 కాస్తా 25 దాటుతుంది. 20 సెంటీమీటర్ల మందం కొన్ననాడు సరిపోయినట్టే ఉండి, అరిగాక బాణాన్ని గోడకు అప్పగించేది ఇందుకే. కొత్తలో మీ బాణం ఎంత దిగుతుందో దానికి కనీసం రెట్టింపు మందం ఉండాలన్న ఆమె సూత్రాన్ని పాఠకులు పెన్సిలుతో గీత గీసి పెట్టుకోవాలి.

ఫోమ్ రకాల అధ్యాయం చదివితే ఆమె చదువు విలువ తెలుస్తుంది. అంగట్లో అన్నిటినీ కలిపి ఫోమ్ అనే అమ్ముతారు. ఆమె వాటిని విడదీసి చూపింది. థర్మాకోల్ పూసలుగా రాలిపోతుంది, బాణాన్ని పట్టుకోదు. సోఫాల్లో వాడే స్పాంజి మెత్తని, గాలి అటూ ఇటూ పోయే గుల్ల పదార్థం, బాణానికి అడ్డే కాదు. టీవీలు, గాజుసామాను చుట్టి వచ్చే తెల్లని ఇపిఇ షీటు చవక. పొరలు పేర్చి గట్టిగా బిగిస్తే తేలిక విళ్ళకు కొంతకాలం పనికొస్తుంది. కానీ ఒకసారి నలిగిన చోట మళ్ళీ లేవదు. క్రాస్‌లింక్డ్ పాలీఇథిలీన్‌లో అణువుల గొలుసులు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి కనుక నొక్కి వదిలితే లేచి నిలుస్తుంది, ఎక్కువకాలం మన్నుతుంది. చెప్పుల అట్టల్లో, పిల్లల బడుల్లో నేలమీద పరిచే చాపల్లో వాడే ఇవిఎ, రబ్బరులా సాగి కాడను గట్టిగా పట్టుకుంటుంది. బలమైన విళ్ళకు అది మంచి పదార్థం. అచ్చులో పోసి చేసే పాలీయురిథేన్ దిమ్మెలకు బాణం తీశాక రంధ్రం చాలావరకు మూసుకుపోయే గుణం ఉంది. అమెరికాలో పేరున్న రైన్‌హార్ట్ 18-1 అనే పద్దెనిమిది ముఖాల టార్గెట్ ఆ కోవలోది. పోటీ మైదానాల్లో కనబడే డెన్మార్క్ వారి డానేజ్ టార్గెట్లు పొరల కోవలోవి.

రెండు కోవల్లో ఏది మంచిదన్న ప్రశ్నకు ఆమె జవాబు నాకు సబబుగా తోచింది. ఒకే చోట నిలబెట్టి రోజూ వందల బాణాలు వేసేవాళ్ళకు పొరల టార్గెట్ మేలు. వదులైతే మరలు బిగించుకోవచ్చు, మధ్యముక్క అరిగితే దాన్నే మార్చుకోవచ్చు. పొద్దున పెరట్లో, సాయంత్రం తోటలో అంటూ మోసుకు తిరిగేవాళ్ళకు దిమ్మె మేలు. వెడల్పాటి కత్తి ములికులు పొరల టార్గెట్‌ను కోసేస్తాయని ఆమె హెచ్చరించింది. ఆ ములికులు వేటకోసం పుట్టినవి. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశంలో అడవి జంతువుల వేట నిషిద్ధం కనుక పెరటి సాధకులకు వాటితో పనే లేదు. గుండ్రని సాధన ములికులు చాలు.

టార్గెట్ వెడల్పు ఎంత ఉండాలన్నదానికి ఆమె చూపిన దారి ఎవరైనా అనుసరించగలిగింది. గురి ఒక్క డిగ్రీ పక్కకు పోతే 5 మీటర్ల దూరంలో బాణం సుమారు 9 సెంటీమీటర్లు తొలగుతుంది. 10 మీటర్లకు 17, 18 మీటర్లకు 31, 30 మీటర్లకు 52 సెంటీమీటర్లు తొలగుతుంది. కొత్తవాళ్ళ చేతిలో రెండు డిగ్రీల తేడా మామూలే. అంటే 10 మీటర్ల నుంచి వేసేవాళ్ళకు మధ్యనుంచి అటు 35, ఇటు 35, మొత్తం 70 సెంటీమీటర్లకు తగ్గకూడదు. అంతకన్నా చిన్న టార్గెట్టే ఉంటే దానికి తగ్గట్టు దగ్గరకు జరగాలి. పోటీల కొలతలు చూసి కంగారుపడనక్కరలేదు. రికర్వ్‌కు 70 మీటర్ల దూరంలో 122 సెంటీమీటర్ల ఫేస్ (గురి వలయాల కాగితం), కాంపౌండ్‌కు 50 మీటర్ల దూరంలో 80 సెంటీమీటర్ల ఫేస్ అన్నవి మైదానానికి చెందిన సంగతులు. పెరటి పని వేరు. బాణాన్ని ఒకే తీరుగా వదలడం ఒంటికి నేర్పడానికి పెరడు చాలు, కొద్ది దూరమూ చాలు.

దూరం తక్కువైతే టార్గెట్‌కు శ్రమ తక్కువ అనుకునేవాళ్ళకు ఈ పుస్తకం కళ్ళు తెరిపిస్తుంది. దగ్గర్లో బాణం వేగం ఇంకా తగ్గి ఉండదు. పైగా వింటి నుంచి వెలువడిన బాణం మొదటి కొన్ని మీటర్లు అటూ ఇటూ వంగుతూ పోతుంది. ఆ ఊపులో ఉండగానే తగిలితే సూటిగా దిగక పొరలను ఒరుసుకుంటూ దిగుతుంది. కనుక 3, 5 మీటర్ల సాధనకే ఎక్కువ మన్నే టార్గెట్ కావాలి. నిలబెట్టే తీరులోనూ తేడా ఉంది. మైదానంలో బాణం పైనుంచి వాలుతూ వస్తుంది కనుక టార్గెట్‌ను కాస్త వెనక్కి వాలుస్తారు. పెరట్లో బాణం దాదాపు నేలకు సమాంతరంగా వస్తుంది. అక్కడ టార్గెట్ నిటారుగా ఉంటేనే ములికి పొరల సందులో దూరుతుంది. వాలిస్తే పొరలకు అడ్డం పడి చీలుస్తుంది. ఇంత చిన్న విషయాన్ని ఇంత స్పష్టంగా చెప్పినవాళ్ళను నేను చూడలేదు.

కొట్లో చేయవలసిన పరీక్షలు ఇంకా బాగున్నాయి. మొదటిది తూకం. 60 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు, 20 సెంటీమీటర్ల మందం ఉన్న టార్గెట్‌ను ఘనపు మీటరుకు 33 కిలోల సాంద్రత ఉన్న ఫోమ్‌తో చేస్తే రెండున్నర కిలోలు కూడా తూగదు. 100 కిలోల సాంద్రత ఉన్న ఫోమ్‌తో చేస్తే ఏడు కిలోలు దాటుతుంది. చూపుకు రెండూ ఒకేలా ఉంటాయి. తక్కెడ నిజం చెబుతుంది. రెండోది బొటనవేలి పరీక్ష. గట్టిగా నొక్కి వదిలితే గుంట వెంటనే పూడాలి. మూడోది బిగింపు. పొరలను పట్టీతో కట్టారా, ఇనుప కడ్డీలు, మరలతో బిగించారా, వదులైతే మళ్ళీ బిగించే వీలుందా అని చూడాలి. నాలుగోది మధ్యముక్క. అది విడిగా దొరుకుతుందా, ఎంతకు దొరుకుతుంది అని కొనకముందే అడగాలి. వీలైతే సొంత బాణం వేసి చూసి, ఎంత దిగిందో కొలిచి, తీసేటప్పుడు ఎంత బలం పడుతోందో చూసుకోవాలి. పీకడానికి ఇద్దరు మనుషులు కావలసిన టార్గెట్ పిల్లల చేతికి పనికిరాదు.

ధర గురించి ఆమె చెప్పిన మాట ప్రతి మధ్యతరగతి ఇంటికీ వర్తిస్తుంది. టార్గెట్ ఖరీదును అది ఓర్చుకునే బాణాల సంఖ్యతో భాగించి చూడమంటుంది. ఉదాహరణకు 2,000 రూపాయల టార్గెట్ 2,000 బాణాలకు చిల్లులు పడితే బాణానికి రూపాయి. 6,000 రూపాయల టార్గెట్ 10,000 బాణాలు ఓర్చుకుంటే బాణానికి అరవై పైసలు. రోజుకు వంద బాణాలు వేసేవాళ్ళకు చవక టార్గెట్ మూడు వారాల ముచ్చట. ఒక్క చుక్క మీదే వేయకుండా నాలుగు మూలలా నాలుగు ఫేస్‌లు అంటించి వంతులవారీగా వేస్తే, ఆ తరవాత వెనకవైపు తిప్పితే, అదే టార్గెట్ ఇంకెంతో కాలం వస్తుంది. కొనగలిగినంతలో మంచిది కొనడం, కొన్నదాన్ని తిప్పి తిప్పి వాడడం, ఈ రెండూ తెలిసిన ఇంట్లో విలువిద్య బరువు కాదు.

కొనలేనివాళ్ళను ఆమె మరిచిపోలేదు. ఆ పేజీలు చదివినప్పుడు నాకు ప్రత్యేకంగా ఆనందం కలిగింది. వెదురు విల్లుతోనో, తక్కువ పౌండేజి విల్లుతోనో సాధన చేసే పిల్లలకు గోనెసంచిలో పాత బట్టలు కూరి చేసిన టార్గెట్ చక్కగా పనిచేస్తుంది. గుండీలు, జిప్పులు, హుక్కులు కత్తిరించి తీసేయాలి. బట్టలను కర్రతో గట్టిగా అదిమి కూరాలి. మా కాలంలో వరిగడ్డి తాళ్ళు పేని, చుట్టలుగా చుట్టి కుట్టిన టార్గెట్ల మీద నేర్చుకున్నాం. అవి వానకు కుళ్ళేవి, చెదలు పట్టేవి, ఎలుకల వెంట పాములూ చేరేవి. పాతకాలం మీద ప్రేమతో ఎవరూ మళ్ళీ గడ్డికి పోనవసరం లేదని నేనూ అంటాను. కాంపౌండ్ విల్లుకు మాత్రం ఇంట్లో చేసిన ఏ టార్గెట్టూ వద్దని ఆమె ఖండితంగా చెప్పింది. దానికి నా పూర్తి సమ్మతి.

మన ఎండలకు తగిన సలహాలు ఈ పుస్తకంలో ఉన్నాయి, విదేశీ పుస్తకాల్లో ఇవి దొరకవు. కృష్ణా, గుంటూరు జిల్లాల మే నెల ఎండలో ఫోమ్ మెత్తబడుతుంది. వేగంగా దూరిన బాణం రాపిడికి పుట్టే వేడి దానికి తోడై ఫోమ్ కరిగి కాడకు అంటుకుంటుంది, బాణం రాదు. ఆ కాలంలో తెల్లవారుజామున వేసుకోవడం, కాడకు కాస్త సబ్బో మైనమో రుద్దుకోవడం, అంటిన ఫోమ్‌ను ఎప్పటికప్పుడు తుడుచుకోవడం మంచిది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఫోమ్‌ను పెళుసుగా చేస్తాయి కనుక సాధన అయ్యాక నీడకు చేర్చాలి, లేదా మందపాటి టార్పాలిన్ కప్పాలి. వానలో నానిస్తే పొరల మధ్య నీరు నిలిచి చెక్క చట్రం ఉబ్బుతుంది. నేలమీద పెట్టకుండా ఇటుకల మీదో చెక్క మీదో ఎత్తి పెట్టాలి. ఈదురుగాలికి పడిపోకుండా వెనక తాళ్ళతో మేకులకు కట్టాలి. బాణాలు దిగి ఉన్న టార్గెట్ బోర్లా పడితే ఒక్క బాణమూ మిగలదు, కింద పిల్లలుంటే ఇంకా ఘోరం.

రక్షణ అధ్యాయాన్ని తల్లిదండ్రులు ముందు చదివి, ఆ తరవాతే మిగతా పుస్తకం మొదలుపెట్టాలని నా కోరిక. పైకి లేచిపోయిన కాంపౌండ్ బాణం కొన్ని వందల మీటర్లు పోతుంది. మన ఊళ్ళలో అంత దూరంలో ఒక వీధి కాదు, నాలుగు వీధులు ఉంటాయి. కనుక డాబా మీద విల్లు ఎక్కుపెట్టకూడదు. టార్గెట్ వెనక ఎవరూ వచ్చే దారి ఉండకూడదు. వంటింటి తలుపు, గేటు, బావి, బట్టలారేసే తీగ ఏవీ ఆ వైపు ఉండకూడదు. టార్గెట్ వెనక, గోడకు ముందు, బాణాలు ఆపే వల వదులుగా వేలాడదీయాలి. బిగించి కడితే వల తెగుతుంది, వదులుగా ఉంటే బాణాన్ని తనలోకి తీసుకుంటుంది. వల అంచు నేలను తాకాలి. బాణం తీసేటప్పుడు ఒక అరచేయి టార్గెట్‌కు ఆనించి, రెండో చేత్తో ఫోమ్‌కు దగ్గరగా కాడను పట్టి సూటిగా లాగాలి. ఆ సమయంలో వెనక ఎవరూ నిలబడకూడదు. ఒక్కసారిగా ఊడి వచ్చిన బాణం తోక చివరి నాక్ వెనకవాళ్ళ కంట్లో గుచ్చుకునే ప్రమాదం ఉంది. విదేశాల్లో ఉన్న మనవాళ్ళకు ఆమె ఇంకో మాట చేర్చింది. ఇంటి ఆవరణలో బాణం వేయడాన్ని నిషేధించే ఊళ్ళు అక్కడ ఉన్నాయి కనుక, స్థానిక నిబంధనలు కనుక్కున్నాకే టార్గెట్ కొనాలి.

చివరి అధ్యాయం అరిగిపోయిన టార్గెట్ గురించి. ఇది ఆమె మంచి మనసును చూపిస్తుంది. అణువులు ముడిపడిన ఫోమ్‌ను మామూలు ప్లాస్టిక్‌లా కరిగించి మళ్ళీ పోయలేం. పెరట్లో తగలబెడితే విషపు పొగ వస్తుంది. అరిగేది మధ్యభాగమే కనుక అంచుల్లోని మంచి పొరలను కోసి, పేర్చి, బిగించి పిల్లలకు చిన్న టార్గెట్ చేయవచ్చునని ఆమె బొమ్మలతో చూపింది. ఒక టార్గెట్ ఆయుష్షు తీరాక కూడా ఇంకో పిల్లవాడికి పనికొస్తుందంటే, పుస్తకం ధర అక్కడే వచ్చేసినట్టు.

ఒక్క విషయంలో నా అభిప్రాయం వేరు. కొత్తవాళ్ళు 10 మీటర్ల నుంచి మొదలుపెట్టవచ్చునని ఆమె రాసింది. మొదటి నెలల్లో 3 మీటర్ల దూరంలో, ఫేస్ లేని ఉత్త టార్గెట్ మీదే వేయించాలని నేనంటాను. చుక్క కనబడితే పిల్లవాడి ధ్యాస చుక్క మీదకు పోతుంది, భుజం మీద నిలవదు. చుక్క లేనప్పుడు నిలబడే తీరు, లాగే తీరు, వదిలే తీరు మూడూ వాడికి తెలిసివస్తాయి. టార్గెట్ మధ్యభాగం పిల్లవాడి భుజం ఎత్తున ఉండేలా చూస్తే చాలు. రెండో ముద్రణలో ఈ సాధన మీద నాలుగు పేజీలు చేర్చమని కోరుతున్నాను. ఏజెన్సీ ప్రాంతాల్లో వెదురు విల్లుతో పెరిగిన పిల్లలు అకాడమీ మెట్లెక్కేటప్పుడు ఏ టార్గెట్ మీద ఎలా సాధన చేయాలో చెప్పే అధ్యాయం కూడా ఉంటే ఈ పుస్తకం ఇంకా ఎక్కువ మందికి ఆసరా అవుతుంది. ఇవి లోపాలు కావు. మంచి పుస్తకం చదివినప్పుడు ఇంకా కావాలనిపించే కోరికలు.

భాష గురించి ఒక మాట. మైదానంలో మేం మాట్లాడుకునే మాటలనే ఆమె వాడింది. టార్గెట్‌ను టార్గెట్ అంది, నాక్‌ను నాక్ అంది. అర్థం కాని కొత్త మాటలు పుట్టించి పాఠకుణ్ణి ఇబ్బంది పెట్టలేదు. పదో తరగతి చదివే పిల్లవాడికి లెక్క అర్థమవుతుంది, వాడి అమ్మానాన్నలకు జాగ్రత్త అర్థమవుతుంది. ఇది రాయడం ఎంత కష్టమో రాయబోయినవాళ్ళకు తెలుసు.

చిరంజీవి రచయిత్రికి నా మనఃపూర్వక ఆశీస్సులు. అమ్మా, విలువిద్యలో అందరూ చూసేది విల్లును, మెచ్చుకునేది గురిని. నువ్వు ఎవరూ చూడని చోటును చూశావు, అక్కడ మన పిల్లల క్షేమం ఉందని చెప్పావు. నీ పెరట్లో సాధన సాగాలి, నీ కలమూ సాగాలి.

పాఠకులకు నా విన్నపం ఒక్కటే. మీ ఇంట్లో పిల్లలు విల్లు అడిగితే కాదనకండి. కొనడానికి బయలుదేరే ముందు ఈ పుస్తకం చదవండి. టేపు తీసుకుని పెరడు కొలవండి, గోడ అవతల ఎవరున్నారో చూడండి. మీ స్థలానికి, మీ విల్లుకు తగిన టార్గెట్ ముందు తెచ్చి నిలబెట్టండి. విల్లు ఆ తరవాత తెచ్చుకోవచ్చు.